డబ్బాలో దాచిన గొడుగు

"కళ్ళజోడు అక్కర్లేదని చెప్పానా, లేదా?" అంటూ అత్తగారు సంచిలోంచి కళ్ళజోడు పెట్టెను మళ్ళీ తీసి బల్ల మీద పెట్టారు. అప్పటికది మూడోసారి.

"ఆస్పత్రిలో మామయ్యగారికి పేపరు చూసుకోవడానికైనా ఉండాలి కదత్తయ్యా." పెద్దకోడలు దాన్ని అందుకుని తువ్వాలు మడతల మధ్య దూర్చింది.

"ఇప్పుడాయనకి పేపరొక్కటే తక్కువైందా? సెలైన్ ఎక్కే చేత్తో పేజీలు తిప్పుతారా?"

"ఎక్కించేది ఎడమచేతికట. కుడిచెయ్యి ఖాళీయే."

"సరేలే, నీకు తెలిసినన్ని నాకు తెలియవు." అత్తగారు పెట్టెను మళ్ళీ తీసి, ఈసారి బల్ల మీద కాకుండా అలమర పై అరలో, చేతికందనంత లోపలికి నెట్టారు.

"ఒక కళ్ళజోడు కోసం ఇంత పంచాయితీ ఎందుకే అమ్మా," అని పెద్దకొడుకు, అంటే చిన్నకోడలికి బావగారు, విసుక్కున్నారు. రాత్రంతా నిద్రలేక ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

చిన్నకోడలు గుమ్మానికి ఆనుకుని టీ తాగుతోంది. నగరంలో ఆమె నేరపరిశోధన విభాగంలో అధికారి. ఈ ఇంట్లో మాత్రం చిన్నకోడలే. ఏ వస్తువు గురించి ఎవరు అవసరానికి మించి పట్టుబడుతున్నారో గమనించడం ఉద్యోగం అంటించిన జబ్బు. సెలవు పెట్టి వచ్చినా అది సెలవు తీసుకోదు. పెళ్ళయిన దగ్గర్నుంచి మామగారి ముక్కు మీంచి దిగగా చూడని కళ్ళజోడు అది. అత్తగారికి దానిమీద ఇంత పగ ఎప్పుడు పుట్టింది?

ఏటా తొలకరి వానల తర్వాత వచ్చే ఒక శని, ఆదివారాల్లో అడవి అంచునున్న ఈ విశ్రాంతి భవనంలో మామగారు పుట్టగొడుగుల మేళా నడుపుతారు. అడవిలో దొరికేవాటిలో ఏది తినొచ్చో, ఏది చంపుతుందో నేర్పుతారు. అందరూ ఆయన్ని గొడుగుల మాస్టారు అంటారు. మేళా ఉన్నన్నాళ్ళూ కుటుంబమంతా వెనకవైపు గదుల్లో దిగుతుంది. నిన్న మధ్యాహ్నం మూడింటికి హాలు ముందు పెద్దకోడలు పెద్ద మూకుడులో పుట్టగొడుగులు వేయించి, వచ్చినవాళ్ళందరికీ రుచి చూపించింది. మామగారూ తిన్నారు. నాలుగున్నర కాకముందే మెలికలు తిరిగిపోతూ వాంతులు చేసుకున్నారు. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

ఫోను మోగింది. ఆస్పత్రిలో తండ్రి దగ్గరున్న చిన్నకొడుకు, అంటే ఆమె భర్త. బావగారు స్పీకరు పెట్టారు.

"నాన్న బాగున్నారన్నయ్యా. నొప్పి పోయింది, వాంతులు ఆగాయి. టీ కావాలని నర్సుతో పేచీ పెట్టుకుంటున్నారు. పన్నెండింటికల్లా ఇంటికి పంపించేస్తారట."

బావగారు కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకున్నారు. పెద్దకోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అత్తగారైతే ఏకంగా నవ్వారు. "చెప్పలేదూ? ఒక్క రాత్రి, అంతే."

చిన్నకోడలు మాత్రం టీ కప్పు పక్కన పెట్టేసింది. మామగారి తొలి పాఠం ఆమెకు కంఠతా వచ్చు. అడవిలో ఒక తెల్లటి పుట్టగొడుగు ఉంది. ఆయన దానికి 'నిదానం' అని పేరు పెట్టారు. తిన్నవెంటనే అది ఏమీ చెయ్యదు. ఒక పూట గడిచాక గానీ వాంతులు మొదలు కావు. మర్నాటికి అవి తగ్గుతాయి, మనిషి లేచి కూర్చుంటాడు, ఆకలంటాడు. అందరూ గండం గడిచిందనుకుంటుండగా లోపల కాలేయం పని ముగించేస్తుంది. ఆ పాఠం చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవారు. హాల్లో ఎవరూ దగ్గేవారు కాదు.

కానిస్టేబుల్ గుమ్మంలోకి తొంగిచూశాడు. "పెద్దమ్మగారిని... అదే, పెద్దకోడలుగారిని ఇన్‌స్పెక్టర్ గారు రమ్మంటున్నారు."

"పదక్కా, నేనూ వస్తాను," అంది చిన్నకోడలు.

ఇన్‌స్పెక్టర్ హాలు పక్క గదిలో కూర్చున్నాడు. విషప్రయోగం కావచ్చని ఆస్పత్రివాళ్ళు కబురు పెడితే నిన్న సాయంత్రం వచ్చాడు. నిన్నటి నుంచి ఇంట్లో అతనికి ఇస్త్రీ అని పేరు స్థిరపడిపోయింది. వానలో తిరిగొచ్చినా చొక్కా మడత చెక్కుచెదరదు. చిన్నకోడల్ని చూడగానే అతని ముఖం కూడా ఇస్త్రీ పెట్టినట్టు బిగుసుకుంది.

"మీరు బయట కూర్చోండి మేడమ్."

"గోడలాగా కూర్చుంటాను. మీరు కానివ్వండి."

అతను పెద్దకోడలి వైపు తిరిగాడు. "మొన్న రాత్రి మీ మామగారితో గొడవపడ్డారట."

"గొడవేం కాదండీ. ఈ ఏడాదితో మేళా మా ఆయనకి అప్పగించి, మీరు విశ్రాంతి తీసుకోండి అన్నాను."

"దానికాయన?"

"నేను పోయాక మీ ఇష్టం అన్నారు."

"మర్నాడే పోబోయారు."

పెద్దకోడలు కొంగు వేలికి చుట్టుకుంది.

"అది ప్రశ్నా, తీర్పా ఇన్‌స్పెక్టర్ గారూ?" అంది చిన్నకోడలు.

"గోడలు మాట్లాడవు మేడమ్. ఇక్కడ మీరు అధికారి కాదు, నిందితురాలి తోటికోడలు. వంట ఈవిడ చేశారు, గరిటె ఈవిడ చేతిలో ఉంది, పళ్ళెంలో పెట్టి ఇచ్చిందీ ఈవిడే."

"అదే గరిటెతో నాకూ పెట్టింది, నిన్న బందోబస్తుకొచ్చిన మీ కానిస్టేబుల్‌కీ పెట్టింది. అడిగి రెండోసారి కూడా వేయించుకున్నాడు."

గుమ్మంలో కానిస్టేబుల్ చూపు చెప్పుల మీదకి దిగింది.

"ఆయన పళ్ళెంలో ఒక్క ముక్క విడిగా కలిపితే చాలు. గంటలోనే పట్టేవి కూడా ఉన్నాయని హాల్లో బోర్డు మీద మీ మామగారే రాశారు."

"ఉన్నాయి. ఆ రకమైతే మీకు కేసు మిగుల్తుంది, మాకు మనిషి మిగుల్తాడు. కానీ మామయ్య చెప్పే 'నిదానం' అయితే? అది మూడింటికి తింటే నాలుగున్నరకు పట్టదు. పొద్దున తిని ఉండాలి. ఇవాళ టీ అడుగుతున్న మనిషిని మనం నవ్వుతూ ఇంటికి తెచ్చుకుంటే, ఎల్లుండికి ఏం మిగలదు."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. తనకు తెలిసినది ఎదుటివాళ్ళకు తెలియనప్పుడు మగవాళ్ళు అలా వాలతారు. "పొద్దున తిన్నదాన్లో ఏమీ లేదు మేడమ్. నిన్న రాత్రే డబ్బా చూశాను."

డబ్బా సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. అడవిలో ఏరుకున్నవి వండుకు తిన్న ప్రతిసారీ, అందులో ఒకదాన్ని వండకుండా మిగల్చాలని మామగారి నియమం. తిన్నవాడికి ఏదైనా జరిగితే వైద్యుడికి చూపించడానికి. వంటగది ఫ్రిజ్‌లో చదునైన రేకు డబ్బా ఒకటి అందుకోసమే ఉంటుంది. మేళా మొదటిరోజు తెల్లవారుజామున ఆయన ఒక్కరే అడవిలోకి వెళ్ళి, తెచ్చుకున్నవి తనే వేయించుకుని తింటారు. ఆ పూట మిగిల్చినది డబ్బాలో ఉండాలి.

"ఉంది. బోర్డు మీద బొమ్మతో పోల్చి చూసుకున్నాను. గొడుగు కింద మడతలు ముదురు గోధుమ రంగు. శుభ్రంగా తినే రకం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాకొకసారి చూపించండి."

"చూసి మీరు మాత్రం ఏం చేస్తారు?"

"మీరు చెప్పిందే నిజమైతే నోరు మూసుకుంటాను. మీకది చాలదా?"

అతను లేచాడు. ఆ బేరం అతనికి నచ్చినట్టుంది.

వంటగదిలో మూడు ఫ్రిజ్‌లున్నాయి. గోడవారనున్న పాతదానిలో, పై అరలో డబ్బా ఉంది. ఇన్‌స్పెక్టర్ చేతికి తొడుగు వేసుకుని మూత తీశాడు. లోపల అరచెయ్యంత పుట్టగొడుగు, దాని కింద ఒక కాగితం.

చిన్నకోడలు ముట్టుకోలేదు. వంగి, ఫోను లైటు వేసి, కాడ వైపు చాలాసేపు చూసింది.

"కాడ చివర చూడండి."

"ఏముంది? శుభ్రంగా ఉంది."

"అదే. కత్తితో కోసి, కడిగినట్టుంది. మామయ్య తన చేత్తో ఒక్క కాడ కొయ్యరు. వేరుతో సహా తీస్తారు, మట్టి కూడా దులపరు. చంపే రకానికి కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉంటుంది. కోస్తే అది నేలలో ఉండిపోతుంది, తెలియాల్సింది తెలియకుండా పోతుంది. పాతికేళ్ళుగా ఆయన అరిచి చెప్పేది ఇదొక్కటే. వైద్యుడికి చూపించడానికని దాచేదాన్ని ఆయన కోస్తారా?"

"తొందరలో కోశారేమో."

"కాగితం బయటకు తియ్యండి."

ఆ కాగితం సగం నలుపు, సగం తెలుపు. రెండు ముక్కలు పక్కపక్కన అంటించినది. గొడుగు విప్పుకున్న పుట్టగొడుగు కింద కాగితం కొన్ని గంటలుంటే చాలు, మడతల్లోంచి సన్నటి పొడి రాలుతుంది. ముదురురంగు పొడి తెల్లకాగితం మీద కనిపిస్తుంది, తెల్లపొడి నల్లకాగితం మీదే కనిపిస్తుంది. రకం తేల్చడానికి దాన్ని మించిన సాక్ష్యం లేదు. ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని వెలుగులో పట్టుకున్నాడు. తెలుపు వైపు గోధుమరంగు మచ్చ స్పష్టంగా ఉంది.

"గోధుమరంగే కదా మేడమ్. నేను చెప్పిందదే."

"కాస్త వంచండి. నలుపు వైపు."

అతను వంచాడు. నల్లకాగితం మీద, పౌడరు డబ్బా పెట్టి తీసిన చోట మిగిలినట్టు, సగం చక్రం ఆకారంలో తెల్లటి పొడి. చక్రం లోపల సన్నటి గీతలు.

అతను కాగితాన్ని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"ఒక పుట్టగొడుగు రెండు రంగుల పొడి రాల్చదు," అంది ఆమె. "దీనికంటే ముందు ఈ కాగితం మీద ఇంకొకటుంది. తెల్లది. దాన్ని తీసేసి దీన్ని పెట్టారు."

ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే భర్తకు ఫోను కలిపింది. "మామయ్యని మంచం దిగనివ్వకు. డాక్టరుగారి చేతికి ఫోనివ్వు." ఆయన లైన్లోకి రాగానే నాలుగు ముక్కల్లో చెప్పింది. "కాలేయం పరీక్షలు ఇప్పుడే పంపిస్తానమ్మా. దీనికి మా దగ్గర వైద్యం లేదు, పెద్దాస్పత్రికి అంబులెన్సు పిలుస్తాను," అన్నారు డాక్టరు. లైన్లోకి వచ్చినప్పటి తీరిక గొంతులో లేదు.

ఆమె ఫోను పెట్టేసరికి ఇన్‌స్పెక్టర్ తేరుకున్నాడు. "మీరు నా పని సుళువు చేశారు మేడమ్. కోసి కడిగినవి ఎక్కడుంటాయి? ఈ వంటగది బుట్టలో. నిన్న సాయంత్రం ఈ వంటగదిలో ఎవరున్నారు?" అతను పెద్దకోడలి వైపు చూశాడు. "తెల్లదేదో పొద్దునే ఆయన తిండిలో కలిపి, సాయంత్రం గుర్తులు మాయం చేశారన్నమాట."

పెద్దకోడలు తోటికోడలి వైపు తిరిగింది. "చెల్లీ, నేను..."

"అక్కా, ఈ నలుపు తెలుపు కాగితాలు ఎవరు తయారు చేస్తారు?"

"నేనే. ఏడాదికి సరిపడా కత్తిరించి, అంటించి ఉంచుతాను."

"విన్నారుగా," అంది చిన్నకోడలు. "కాగితం ఏం పట్టిస్తుందో ఈవిడకి తెలుసు. సొరుగు నిండా కొత్తవి ఉన్నాయి. పుట్టగొడుగు మార్చినావిడ కాగితం మార్చకుండా ఉంటుందా? ఇది మార్చిన మనిషికి కాగితం ఎందుకు వేస్తారో తెలియదు. ఈ ఇంట్లో అలాంటి మనిషి ఒక్కరే ఉన్నారు. నాకు పది నిమిషాలు ఇవ్వండి."

అత్తగారు గదిలో ఇంకా సంచి సర్దుతూనే ఉన్నారు. జీవితమంతా పుట్టగొడుగుల మనిషితో కాపురం చేసి, ఒక్కనాడూ వాటిని ముట్టని మనిషి. మట్టివాసన అంటారు.

చిన్నకోడలు తలుపు వేసి మంచం మీద కూర్చుంది. "అత్తయ్యా, మామయ్యకి ఎప్పటి నుంచి కనిపించట్లేదు?"

తువ్వాలు మడతపెడుతున్న చేతులు ఆగాయి.

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరే చెప్పారు. కళ్ళజోడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అయినప్పుడు కదా అలమరలోకి నెడతారు?"

అత్తగారు మంచం చివర, సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "ఏడాది దాటింది. కళ్ళకి పొర కమ్ముతోందట. అన్నీ మసకగా, పసుపుపచ్చగా కనిపిస్తాయట. ఆపరేషన్ చేయించుకోండంటే మేళా అయ్యాక అన్నారు. అందరికీ తెలిస్తే నా మాట ఎవడు నమ్ముతాడే అన్నారు. మోకాళ్ళు కూడా వంగట్లేదు, నించునే పెకిలిస్తుంటే కాడ అడుగు నేలలోనే తెగిపోతోందట. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు."

"నిన్న వాంతులు మొదలవగానే ఆయనకి అర్థమైపోయింది కదూ?"

"మీరంతా కారు కోసం పరిగెత్తుతున్నారు. నా చెయ్యి పట్టుకుని, డబ్బాలోది తీసి పారేసి, వంటగది బుట్టలోంచి ఒకటి పెట్టెయ్ అన్నారు. పెట్టాను. ఆ తీసింది పెరట్లో పాతేశాను. మాస్టారే పొరబడ్డాడని నలుగురూ నవ్వుతారు, ఒక్క రాత్రి బాధపడితే తగ్గిపోతుంది అన్నారు." ఆవిడ ముఖం తేటపడింది. "తగ్గింది కూడా కదమ్మాయ్. టీ అడిగారుగా."

చిన్నకోడలు ఆవిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. నేరస్థుల దగ్గర ఎన్నోసార్లు చెప్పాల్సినవి చెప్పింది. ఇది చెప్పడం మాత్రం ఆమెకు చేతకావడం లేదు.

"తగ్గినట్టు ఉండటమే దాని పద్ధతి అత్తయ్యా. అది మామయ్యకి అందరికంటే బాగా తెలుసు. మీకు చెప్పలేదు."

అత్తగారు ఏడవలేదు. సంచిలోంచి మామగారి చొక్కా ఒకటి తీసి, మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టారు. "నాకు... అబద్ధం చెప్పారా?" అన్నారు చివరికి.

అప్పుడు కిటికీలోంచి వేడెక్కుతున్న నూనె వాసన వచ్చింది.

చిన్నకోడలు లేచి చూసింది. పచ్చిక మీద వరసగా చిన్న గ్యాసు పొయ్యిలు, వాటి చుట్టూ జనం. మాస్టారు బాగున్నారన్న కబురు వాళ్ళకీ చేరినట్టుంది. ఆదివారం మధ్యాహ్నం ఎవరు ఏరుకున్నవి వాళ్ళే వండుకోవడం మేళా ఆనవాయితీ. ప్రతి పొయ్యి పక్కనా ఒక బుట్ట, బుట్ట పిడికి ఆకుపచ్చ రిబ్బను. నిన్న మధ్యాహ్నం మామగారు ప్రతి బుట్టలోకీ తొంగిచూసి, తినొచ్చన్నవాటికి ఆకుపచ్చ రిబ్బను కట్టారు. పారెయ్యాల్సినవాటికి ఎర్రది. చంపేదాని తెల్ల మడతలకీ, తినేవి లేతగా ఉన్నప్పటి గులాబీ మడతలకీ తేడా తెలియని ఆ కళ్ళతో. తను పొద్దున ఏది తిన్నారో అది మంచిదేనన్న నమ్మకంతో.

ఆమె హాల్లోకి పరిగెత్తి ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుని ఆపింది. "పొయ్యిలు ఆర్పించండి. ఎవరూ ఒక్క ముక్క నోట్లో పెట్టకూడదు. ఎందుకో అయిదు నిమిషాల్లో మైకులో చెప్తాను."

అతను ఆమె ముఖం చూశాడు. వచ్చిన తర్వాత మొదటిసారి ఎదురు ప్రశ్న వెయ్యలేదు. "కానిస్టేబుల్!" అని అరుస్తూ మెట్లు దిగి వెళ్ళాడు.

వెనక గదిలోకి బావగార్నీ తోటికోడల్నీ పిలిచింది. అత్తగారు అక్కడే ఉన్నారు. భర్తకు ఫోను చేసి, మామగారి మంచం పక్కన స్పీకరు పెట్టమంది. జరిగిందంతా చెప్పింది.

బావగారే ముందు తేరుకున్నారు. "గ్యాసు లీకైందని చెబుదాం. వంట ఆగిపోతుంది. నాన్న పరువు నాన్నకుంటుంది."

"వంట ఇక్కడ ఆగుతుంది బావగారూ. బుట్టలు ఇళ్ళకి తీసుకెళ్ళి వండుకుంటారు."

పెద్దకోడలు మెల్లగా అంది. "రాత్రే వెళ్ళిపోయినవాళ్ళున్నారు చెల్లీ. మామయ్యగారి కంగారులో మనం ఎవర్నీ ఆపలేదు. బుట్టలు పట్టుకెళ్ళారు."

"వాళ్ళు ఈ పొద్దునే వండుకు తినుంటే..." అని బావగారు ఆగిపోయారు. వేళ్ళు మడుస్తూ గంటలు లెక్కపెట్టుకుని, మధ్యలో వదిలేశారు. "ఇప్పటికి ఏమీ తెలియదు వాళ్ళకి. హాయిగా ఉంటారు."

ఫోనులోంచి మామగారి గొంతు వచ్చింది. నీరసంగా ఉన్నా పాఠం చెప్పే గొంతే. "అమ్మాయ్. కాడల అడుగు వేళ్ళతో తడిమాకే ప్రతి రిబ్బనూ కట్టాను. పొరపాటు నేను ఏరుకున్న గుప్పెట్లోనే జరిగిందేమో. ఈ ఒక్కరోజు ఆగు. నా గురించి రేపు చెప్పుకుందురుగాని."

"ఆగడానికి వీల్లేదు మామయ్యా. నిన్న పొద్దున కూడా మీరు వేళ్ళతో తడిమే ఉంటారు."

అవతల అంబులెన్సు వచ్చిందని ఎవరో అంటున్నారు. ఇవతల అత్తగారు లేచి, కోడలి పక్కకు వచ్చి నించున్నారు.

చిన్నకోడలు గొంతు పెంచలేదు. "నేనిప్పుడు మైకు దగ్గరికి వెళ్తున్నాను. మామయ్యకి ఏడాదిగా చూపు లేదని, ఆయన కట్టిన ఆకుపచ్చ రిబ్బను ఒక్కటి కూడా నమ్మొద్దని చెప్తాను. రాత్రి వెళ్ళినవాళ్ళందరికీ బావగారూ అక్కా ఫోన్లు చేస్తారు. బాగానే ఉన్నాం అన్నవాళ్ళని ముందు ఆస్పత్రికి పంపండి. డబ్బా సంగతి అత్తయ్యే స్వయంగా ఇన్‌స్పెక్టర్‌కి చెప్తారు, నేను పక్కన కూర్చుంటాను. మేళా ఇవాళ్టితో మూసేస్తున్నాం."